ఒక యాంప్లిఫయరు – నాలుగు హారన్లు

ధర్మవరము నుండి పాకాలకు పోవు రైలుమార్గమున ముదిగుబ్బ స్టేషనులో దిగి ఏ దిక్కునకు నడచినను వేరుసెనగ చేలు కనిపించును. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇది యొక మండల కేంద్రము. వానకై ఆకాశము వంక చూచుట ఈ సీమవారికి తరతరాల అలవాటు. అయినను శ్రీరామనవమి వచ్చినదనగా, పంట పండిన యేడైనను ఎండిన యేడైనను, ఊరిలో పందిరి పడవలసినదే, నాటకము ఆడవలసినదే, హారను మ్రోగవలసినదే.

కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి యొక నవమి రాత్రి, ముదిగుబ్బకు సమీపముననున్న యొక పల్లెకు మేము వెళ్ళియుంటిమి. పల్లెటూరి నటుల పద్యములను రికార్డు చేసికొని తెచ్చుట ఆనాటి మా పని. ఆ రాత్రి హరిశ్చంద్ర నాటకము. లౌడు స్పీకర్లకు రాత్రి పది గంటల వరకే యన్న నియమము కలదు గనుక, పండుగ నిమిత్తము పండ్రెండు గంటల వరకు అనుమతి తెచ్చుకొని, పూర్వమువలె తెల్లవార్లు గాక, ప్రొద్దు గ్రుంకగనే నాటకము ప్రారంభించిరి. హరిశ్చంద్ర వేషము ధరించినవాడు అరువది దాటిన రైతు. కాటిసీను వచ్చినది. కాటిసీను కొరకే నాటకమునకు వచ్చువారు మన ప్రాంతమున నెందరో కలరు. పెద్దాయన గొంతు సవరించుకొని పద్యమెత్తుకొన్నాడు. మొదటి పాదము పూర్తి కాలేదు. హారన్లు గరగరమని యొక్కసారిగా మూగవోయినవి. యాంప్లిఫయరు పెట్టె నుండి కాలిన వాసన వచ్చినది.

పెద్దాయన పద్యము ఆపలేదు. మైకు లేని కాలమున నేర్చిన గొంతు అది. ముందు కూర్చున్న వారికి వినిపించినది. వెనుకనున్నవారు ముందుకు జరిగిరి. కాని ఊరికి ఫర్లాంగు దూరమున నున్న కాలనీలో, నడవలేక మంచముల మీదనే పడుకొని నాటకము వినుచున్న ముసలివారికి మాత్రము నాటకము అక్కడితోనే ముగిసినది. ఆ యాంప్లిఫయరు అద్దెకు తెచ్చినది కాదు. వానలు లేని యేట, ఇంటింట చందాలు వేసికొని ఊరివారు కొనుక్కొన్నది. దానిని చూచుకొను పిల్లవానికి ఇరువది యేండ్లుండును. నలుగురును నాలుగు మాటలనుచుండగా వాడు పెట్టె ప్రక్కన తలవంచుకొని కూర్చున్నాడు.

"ఏమి జరిగినది నాయనా?" అని మేమడిగితిమి.

"ఏం తప్పు చేసినానో తెలీలేదు సార్. పోయినేడు రెండు హారన్లే. ఈ యేడు కాలనీ వాళ్ళకు గూడా ఇనపడల్లని ఇంకా రెండు తగిలిచ్చినా. పెట్టె ఎనకాల ఎన్మిది ఓమ్ములని రాసిండాది. ఒగో హారనూ ఎన్మిదే. నాలుగు ఎన్మిదులు ముప్పై రెండు. ఎక్కువే కద సార్ అయ్యేది, తక్కువ ఎట్లయితాది?"

వాని ఉద్దేశము మంచిది. వాడు లెక్కయు వేసినాడు. కాని లెక్క తారుమారైనది. ఇట్టి తప్పు వాడొక్కడే చేయలేదు. పట్టణములలో చదువుకొన్నవారి ఇండ్లలోను నిత్యము జరుగుచున్నది. కనుక ఆ పిల్లవాని ప్రశ్నకు సమాధానమునే నేటి ప్రసంగముగా శ్రోతల ముందుంచుచున్నాము.

స్పీకరు వెనుకనో, హారను యూనిట్టు మీదనో 4, 8, 16 అని యొక అంకెయు, దాని ప్రక్క ఓమ్ము గుర్తును ఉండును. జర్మనీ దేశీయుడైన గియోర్గ్ సైమన్ ఓమ్ 1827లో ప్రకటించిన గ్రంథమున విద్యుత్తునకు సంబంధించిన సూత్రమును వివరించెను. ఆయన పేరే ఈ కొలతకు వచ్చినది. స్పీకరులోని తీగచుట్ట విద్యుత్ప్రవాహమునకు ఎంత అడ్డు చెప్పునో ఆ అంకె తెలుపును. అంకె పెద్దదైన అడ్డు ఎక్కువ, ప్రవాహము తక్కువ. అంకె చిన్నదైన అడ్డు తక్కువ, ప్రవాహము ఎక్కువ. ఈ ఒక్క వాక్యము మనసున నుంచుకొనినచో తక్కినదంతయు సులభము.

మన సీమవారికి దీనిని చెరువు నీటితో పోల్చి చెప్పవచ్చును. చిత్రావతి నీటితో నిండు బుక్కపట్నము చెరువును, ధర్మవరము చెరువును ఎరుగనివారు ఈ ప్రాంతమున అరుదు. చెరువు క్రింది కాలువకు ఒక్క మడవ తీసినచో కొంత నీరు పోవును. దాని ప్రక్కనే రెండవ మడవ తీసినచో నీటికి మరియొక దారి దొరకును. మడవలు పెరిగినకొలది నీటికి అడ్డు తగ్గును గాని పెరుగదు. నాలుగు మడవలును ఒక్కసారి తీసినచో, అన్నిటికిని నీరందింపవలసిన మొదటి కాలువలో ప్రవాహము నాలుగింతలగును. ఆ కాలువ గట్టు అంత వేగమునకు ఆగగలదా? ఆగలేనిచో తెగును. యాంప్లిఫయరు ఆ మొదటి కాలువ వంటిది. స్పీకర్లు మడవల వంటివి.

యాంప్లిఫయరు రెండు టెర్మినళ్ళకే నాలుగు హారన్ల తీగలను కలిపి బిగించుటను సమాంతర సంధాన మందురు. ఇచ్చట ఓమ్ములను కూడరాదు, భాగింపవలెను. ఒకే కొలతగల స్పీకర్లైనచో, ఆ కొలతను స్పీకర్ల సంఖ్యతో భాగించిన సరిపోవును. ఎనిమిది ఓమ్ముల హారన్లు రెండు కలిపిన నాలుగు ఓమ్ములు, నాలుగు కలిపిన రెండు ఓమ్ములు. పిల్లవాడు ముప్పదిరెండనుకొన్నచోట నిజముగా నున్నవి రెండే. మునుపటి యేట రెండు హారన్లతో నాలుగు ఓమ్ములకు దిగియు ఆ యంత్రము ఎట్లో గట్టెక్కినది. ఆ యేడు గట్టు తెగినది.

అంకెలతో చూతము. ఎనిమిది ఓమ్ముల స్పీకరునకు ముప్పదిరెండు వాట్ల శక్తి నీయగల యాంప్లిఫయరు ఒకటి కలదనుకొందము. అప్పుడది 16 వోల్టులతో 2 ఆంపియర్ల ప్రవాహమును పంపును. స్పీకరును నాలుగు ఓమ్ములకు తగ్గించినచో, అవే 16 వోల్టులకు 4 ఆంపియర్లు పోవును. రెండు ఓమ్ములకు తగ్గించినచో 8 ఆంపియర్లు. అనగా ముప్పదిరెండు వాట్లకై చేసిన యంత్రమును నూట ఇరువదియెనిమిది వాట్లు ఇమ్మని పీడించుచున్నామన్నమాట. అంత శక్తి అది ఈయలేదు. ఇయ్యబోవు ప్రయత్నమున దానిలోని ట్రాన్సిస్టర్లు కాగి కాలిపోవును. శబ్దము గరగరలాడుటయు, పెట్టె చేయి పెట్టలేనంత వేడెక్కుటయు దానికి ముందు వచ్చు హెచ్చరికలు.

ఇక రెండవ పద్ధతి శ్రేణీ సంధానము. యాంప్లిఫయరు ఎఱ్ఱ టెర్మినలు నుండి మొదటి స్పీకరు ఎఱ్ఱ కొనకు, దాని నల్లకొన నుండి రెండవ స్పీకరు ఎఱ్ఱ కొనకు, దాని నల్లకొన నుండి తిరిగి యాంప్లిఫయరు నల్ల టెర్మినలునకు తీగ సాగును. ఇక్కడ నీటికి దారి ఒక్కటే. అది ఒక ఇరుకు దాటిన పిమ్మట రెండవ ఇరుకు దాటవలెను. కావున ఇచ్చట ఓమ్ములను కూడవలెను. రెండు ఎనిమిదులు పదునారు. ఆ పిల్లవాని లెక్క ఈ పద్ధతికి చెల్లును. యాంప్లిఫయరునకు దీనివలన ప్రమాదము లేదు గాని శక్తి తగ్గును. వరుసలో ఒక్క స్పీకరు చెడినను మిగిలినవియు మూగవోవును.

ఈ రెండింటిని కలిపినచో మేలైన మార్గమొకటి దొరకును. నాలుగు ఎనిమిది ఓమ్ముల స్పీకర్లను రెండేసి చొప్పున శ్రేణిలో కలుపుము. ఒక్కొక్క జంట పదునారు ఓమ్ములగును. ఆ రెండు జంటలను సమాంతరముగా యాంప్లిఫయరునకు తగిలింపుము. పదునారును రెండుతో భాగింపగా మరల ఎనిమిదియే వచ్చును. నాలుగు స్పీకర్లును మ్రోగును, యాంప్లిఫయరునకు మాత్రము ఒక్క స్పీకరు తగిలించినట్లే యుండును. నాలుగింటికిని శక్తి సమముగా పంచబడును. అయితే నాలుగును ఒకే కొలత, ఒకే జాతివై యుండవలెను. నాలుగు ఓమ్ములదానిని ఎనిమిది ఓమ్ములదానితో జతచేసినచో ఒకదానికి మెండుగను, ఒకదానికి కొరతగను శక్తి చేరును.

ఇచ్చట నొక భేదము చెప్పవలసి యున్నది. పూర్వము పంచాయతీ ఆఫీసులలోను, సినిమాహాళ్ళలోను ఉండిన వాల్వు యాంప్లిఫయర్లకు స్పీకరు తగిలింపకుండ శక్తినిచ్చుట ప్రమాదము. లోపలి ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి పెచ్చుపెరిగి అది పాడగును. నేడు మనము వాడు ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లు సాధారణముగా స్పీకరు లేకున్నను ఓర్చుకొనును గాని, టెర్మినళ్ళ వద్ద ఎఱ్ఱతీగ నల్లతీగను తాకినచో క్షణములో చెడిపోవచ్చును. తీగకొనలోని ఒక్క సన్నని పోగు ప్రక్క టెర్మినలును తాకినను చాలును. అందువలన కొనలను గట్టిగా మెలివేసి, పోగులు బయటికి రాకుండ బిగింపవలెను.

ఆ రాత్రి పెట్టె విప్పి చూచినపుడు మాకు కనిపించిన మరియొక సంగతి యేమనగా, ఫ్యూజు ఉండవలసినచోట రాగితీగ చుట్టియుండెను. అంతకు ముందెప్పుడో ఫ్యూజు పోయినపుడు, పండుగ ఆగరాదని ఎవరో చేసిన ఉపాయమది. ఫ్యూజు పోవుట యంత్రమునకు జబ్బు కాదు. జబ్బు వచ్చుచున్నదని చెప్పు జ్వరము. ఆ జ్వరమును మాన్పకుండ, తెలియకుండ చేసినందున యంత్రమే పోయినది. సరియైన ఫ్యూజు ఉండినచో, ట్రాన్సిస్టర్లు మిగిలెడివని రూఢిగా చెప్పలేము గాని, మిగులుటకు అవకాశముండెడిది. పెట్టె మీద ఎన్ని ఆంపియర్లని వ్రాసియున్నదో అంతటి ఫ్యూజునే వేయవలెను. రెండు ఫ్యూజులు అదనముగా జేబులో నుంచుకొనుట ఖర్చుగాని, కష్టముగాని కాదు.

ఇక దూరపు సంగతి. కాలనీకి శబ్దము చేర్చవలెనన్నది గదా ఆ పిల్లవాని కోరిక. ఒక చదరపు మిల్లీమీటరు మందముగల రాగితీగను నూరు మీటర్లు లాగినామనుకొందము. పోవుటకు నూరు, వచ్చుటకు నూరు, మొత్తము రెండు వందల మీటర్లు. ఆ తీగకే సుమారు మూడున్నర ఓమ్ముల అడ్డు ఉండును. దాని చివర ఎనిమిది ఓమ్ముల హారను కట్టినచో, ముందు చెప్పిన ముప్పదిరెండు వాట్లలో హారనుకు చేరునది సగమునకు లోపే. మిగిలినదానిలో కొంత తీగను వేడిచేయుటకే వ్యయమగును. సన్నని తీగయైనచో నష్టమింకను ఎక్కువ. అప్పుడు వినిపించుట లేదని వాల్యూము పెంచుదురు. దగ్గరి హారన్లు చెవులు చిల్లులు పొడుచును, దూరపు హారను గొణుగుచునే యుండును.

దీనికి పెద్ద సభలవారు, రైల్వే స్టేషన్లవారు అవలంబించు మార్గమొకటి కలదు. దానిని నూరు వోల్టుల లైను అందురు. విద్యుచ్ఛక్తిని దూరప్రాంతములకు పంపువారు వోల్టేజిని పెంచి, ప్రవాహమును తగ్గించి, ఊరు చేరిన తరువాత ట్రాన్స్‌ఫార్మరుతో మరల తగ్గింతురు గదా! ఇదియు ఆ సూత్రమే. యాంప్లిఫయరు వెనుక 100 వోల్టులని వ్రాసిన టెర్మినలు నుండి తీగ బయలుదేరును. ప్రతి హారను వద్దను ఒక చిన్న లైను ట్రాన్స్‌ఫార్మరు ఉండి, ఆ వోల్టేజిని తగ్గించి హారనుకందించును. తీగలో ప్రవాహము స్వల్పము గనుక నష్టమును స్వల్పమే. అదే నూరు మీటర్ల తీగ మీద డెబ్బదియైదు వాట్లు పంపినను, దారిలో పోవునది రెండున్నర వోల్టులు మాత్రమే.

ఈ పద్ధతిలో మరియొక సుఖమున్నది. ఇక్కడ ఓమ్ములను భాగింప నక్కరలేదు, వాట్లను కూడిన చాలును. ఒక్కొక్క లైను ట్రాన్స్‌ఫార్మరు మీద 5, 10, 15 అని వాట్ల గుర్తులుండును. హారన్లన్నిటిని సమాంతరముగానే తగిలించి, ఎంచుకొన్న వాట్లన్నియు కూడినచో ఆ మొత్తము యాంప్లిఫయరు శక్తిని మించరాదు. నూరు వాట్ల యాంప్లిఫయరునకు పదునైదు వాట్ల హారన్లు అయిదు తగిలించిన డెబ్బదియైదగును. మిగిలిన ఇరువదియైదు వాట్లు యంత్రమునకు ఊపిరి తీసికొనుటకు వదలవలెను.

కాని జాగ్రత్తలు మరువరాదు. ట్రాన్స్‌ఫార్మరు లేని హారనును ఈ లైనుకు తగిలింపరాదు. తగిలించినచో హారనో, యాంప్లిఫయరో, రెండునో కాలును. ఎనిమిది ఓమ్ముల టెర్మినలు మీద కొన్ని, నూరు వోల్టుల టెర్మినలు మీద కొన్ని ఒకేసారి తగిలింపరాదు. పూర్తి శక్తితో పనిచేయునపుడు ఆ తీగల మీద నూరు వోల్టుల వరకు ఉండును. అది ప్రాణము తీయగలదు. కావున దానిని ఇంటి కరెంటు తీగతో సమానముగా గౌరవింపవలెను. అతుకులన్నియు టేపుతో కప్పవలెను. పిల్లల చేతికి, పశువుల మెడకు అందని ఎత్తున తీగ లాగవలెను. కరెంటు స్తంభములకు హారన్లు కట్టుట, ఆ తీగల ప్రక్కనే మన తీగలు సాగించుట ఎన్నటికిని కూడదు. యాంప్లిఫయరునకు ఎర్తు తప్పక ఉండవలెను. ఏ తీగను కలుపవలసినను, విప్పవలసినను ముందు స్విచ్చి ఆర్పి, ప్లగ్గు తీసి, పిమ్మటనే చేయి పెట్టవలెను. ఉరుము మెరుపులు కనిపించినచో సెట్టు ఆపివేయవలెను.

రేడియో గల గృహస్థులకును దీనితో పని కలదు. హాలులో రెండు స్పీకర్లున్న స్టీరియో యాంప్లిఫయరునకు, వంటయింట వినుటకై మరి రెండు తగిలింపవలెనని చాలమంది కోరుదురు. ముందు యాంప్లిఫయరు వెనుక చూడుడు. కనీసము ఎన్ని ఓమ్ములని వ్రాసియున్నదో అదే మన హద్దు. నాలుగని యున్నచో ఒక్కొక్క వైపునకు ఎనిమిది ఓమ్ములవి రెండు తగిలింపవచ్చును. ఎనిమిదని యున్నచో తగిలింపరాదు. వాటిని శ్రేణిలో కలుపవలెను. ఎడమవైపు నల్లతీగను, కుడివైపు నల్లతీగను కలిపి ఒక తీగ ఆదా చేయు ప్రయత్నము వలదు. అనేక నేటి యాంప్లిఫయర్లలో నల్ల టెర్మినలు ఎర్తు కాదు, అదియు శక్తినిచ్చునదే. అట్లు కలిపినచో యంత్రము చెడును.

ఎఱ్ఱ నలుపుల మర్యాద ఇంకొకందుకును పాటింపవలెను. రెండు స్పీకర్లలో ఒకదాని తీగలు తారుమారైనచో, ఒకటి గాలిని ముందుకు త్రోయునపుడు రెండవది వెనుకకు లాగును. మృదంగపు మంద్రధ్వని చచ్చి పాట పేలవమగును. గుర్తులు చెరిగిపోయిన స్పీకరును పరీక్షించుటకు, దానిని యాంప్లిఫయరు నుండి విడదీసి, ఒకటిన్నర వోల్టు టార్చి సెల్లును క్షణకాలము తాకింపవచ్చును. కాగితపు గిన్నె ముందుకు కదలినచో, సెల్లు ధనధ్రువము తాకిన కొనయే ఎఱ్ఱకొన. మల్టీమీటరుతో కొలుచువారు ఎనిమిది ఓమ్ముల స్పీకరు ఆరు, ఏడు చూపినచో కంగారుపడ నక్కరలేదు. మీటరు తీగ నిరోధమును మాత్రమే చూపును. పాట వచ్చునపటి అడ్డు అంతకంటె ఎక్కువ.

చివరగా నొక మాట. మనిషి గొంతును వేలమందికి వినిపించు విద్యకు నూరేండ్లు దాటినవి. అమెరికాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ అనువారు 1915లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున తమ లౌడు స్పీకరును ప్రదర్శించిరి. 1919లో అధ్యక్షుడు విల్సన్ శాన్ డియాగోలో ఆ యంత్రము ద్వారా పెద్ద సభలో మాటలాడెను. అప్పటినుండియు శబ్దము పెంచుట తేలికయగుచు వచ్చినది. పంచుట మాత్రము నేటికిని తెలివితో చేయవలసిన పనియే. ఒక్కచోట గట్టిగా మ్రోగించుటకంటె, చిన్న హారన్లను సరియైన తావులలో నుంచి మెల్లగా మ్రోగించుట మేలు. మన దేశమున 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసస్థలములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళను హద్దుగా నిర్ణయించినవి. రాత్రి పది మొదలు ఉదయము ఆరు వరకు బయట లౌడు స్పీకరు వాడరాదు. నిద్రపోవు పసివానికి, పరీక్షకు చదువుకొను విద్యార్థికి ఆ హద్దు రక్ష.

ఆ పల్లె కథ ముగింపవలసి యున్నది. యాంప్లిఫయరును కదిరిలో బాగుచేయించిరి. దాని వెనుక నూరు వోల్టుల టెర్మినలు మొదటినుండియు ఉన్నది. దానిని ముట్టినవారు లేరు. మరుసటి నవమికి మేము మరల వెళ్ళితిమి. హారను హారనుకు లైను ట్రాన్స్‌ఫార్మరు వచ్చినది. అయిదవ హారను కాలనీలో వేపచెట్టు మీద కట్టిరి. పెట్టె మూతకు లోపలివైపున ఆ పిల్లవాడు ఒక కాగితమంటించినాడు. దాని మీద అయిదు పదునైదులు నిలువుగా వ్రాసి, క్రింద గీత గీచి, డెబ్బదియైదని మొత్తము వేసినాడు. ఫ్యూజుగూటిలో గాజు ఫ్యూజు ఉన్నది.

కాటిసీను వచ్చినపుడు మేము పందిరిలో కూర్చొనక కాలనీ వైపు నడచితిమి. వేపచెట్టు క్రింద నులకమంచము మీద నొక ముసలామె పడుకొని వినుచున్నది. "ఈ యేడు అంతా ఇనపడె నాయనా" అన్నది. పెద్దాయన పద్యము చివరి పాదము వరకు చెదరక వచ్చినది.

తీగ మెలివేయుటకు ముందు కాగితము మీద లెక్క వేయుడు. ఖర్చు లేని పని అది. ఊరి చందాను, ఇంటి యంత్రమును, అన్నిటికంటె ముఖ్యముగా తీగ పట్టుకొన్నవాని ప్రాణమును అది కాపాడును.